ఉమ్మడి గోడలో చెమ్మ

మా అత్తవారి వైపు ఏ పెళ్లిలో నలుగురు ఆడవాళ్లు ఒకచోట కూర్చున్నా ఆ కథ వస్తుంది. పురిటి గదిలో గునపం ఎత్తిన కోడలి కథ. ఆ కోడల్ని నేనే. చెప్పేవాళ్ల నోట్లో నా గునపం ఏటేటా పొడుగవుతోంది. మొన్నీమధ్య ఆమదాలవలసలో ఒక పెళ్లికి వెళ్తే, నన్నెరగని ఒకావిడ నాకే చెప్పుకొచ్చింది. చదువుకున్న కోడలట, అత్త మీద కోపంతో, నొప్పులు పడుతున్న ఆడపడుచు పక్కనే గోడ తవ్విపారేసిందట. సాయంత్రానికి గోడ కూలిందట. దేవుడు దయతలిచాడు గనక తల్లీ పిల్లా బతికారట.

"ఆ కోడలు ఇప్పుడేం చేస్తోందండీ?" అన్నాను.

"ఏటి సేస్తాదమ్మా, ఎక్కడో పంతులమ్మ గావాల."

పంతులమ్మనే, ఆ మాట నిజం. గోడ కూలిందన్నదీ నిజం. మిగతాదంతా తప్పు. దేవుడి దయని నేను కాదనను. కానీ ఆ రోజు దయతలిచినవాళ్ల లెక్కలో నన్ను కూడా కలపాలని నా వాదన.

అరవైల చివరి మాట ఇది. నేను విజయనగరంలో కెమిస్ట్రీతో బియ్యెస్సీ చేశాను. పెళ్లయి రెండేళ్లు. మా ఆయనకి గరివిడిలో ఉద్యోగం. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారి వెళ్లిపోయేవారు. అక్కడ ఇల్లు దొరికేదాకా నేను గజపతినగరం దగ్గర పల్లెలో అత్తవారింట్లో ఉండాలి. వాళ్లది వ్యవసాయం. నా చదువుతో వాళ్లకి అవసరం లేదు, నాకేమో నోరు ఊరుకోదు.

మా వైపు పల్లెల్లో ఇళ్లు విడివిడిగా ఉండవు. వీధి పొడుగునా రైలుపెట్టెల్లాగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఇంటికీ ఇంటికీ మధ్య ఒకటే మట్టిగోడ. ఇటువాళ్లు రెండుసార్లు దగ్గితే అటువాళ్లు మిరియాల కషాయం తాగమని కేకేస్తారు. మా మావయ్యగారూ ఆయన తమ్ముడూ వేరుపడ్డప్పుడు ఒకే ఇంటిని నిలువునా చీల్చుకున్నారు. నడిమి గది మాకు వచ్చింది. దాని అవతల ఉన్న పశువుల సాల చిన్నమావకి పోయింది. మధ్యలో మూరెడు మందం మట్టిగోడ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ఆ పంపకాల దగ్గరే మాటలు పోయాయి. నేను కాపురానికి వచ్చేసరికే ఒకరి గడప ఒకరు తొక్కి నాలుగేళ్లయింది. తగువు దేని గురించో నాకు ఎవరూ సూటిగా చెప్పలేదు. ఒకరు కొబ్బరిచెట్టు అనేవారు, ఒకరు మా అత్తగారు ఏదో అన్న మాట అనేవారు.

ఆ గోడ అడుగున మావైపు ఏటా ఉప్పు తేలి సున్నం పెచ్చులూడేది. "మీవైపు ఏం పెట్టారు?" అని అటువాళ్లని ఒక్క మాట అడిగితే తేలిపోయే సంగతి. అడగాలంటే మాట్లాడాలి కదా. మాట్లాడకుండా గోడ బాగుచేసుకోవడానికి మా మావయ్యగారికి దొరికిన ఉపాయం సిమెంటు. అప్పటికి మా వీధిలో సిమెంటు ఎరిగిన గోడలు రెండో మూడో. ఆ వేసవిలో మేస్త్రిని పిలిపించి, నేల నుంచి నడుమెత్తు దాకా నున్నగా గిలాబా చేయించారు. కూతురు తొలిచూలు పురిటికి వస్తోంది, వియ్యాలవారు చూడ్డానికి వస్తారు, వాళ్లకి పెచ్చులూడిన గోడ చూపించడమేమిటని ఆయన బాధ. ప్రేమతో చేయించిన పనే. ఆ సంగతి నేను ఎప్పుడూ కాదనలేదు.

ఏడో నెలలో మా ఆడపడుచు వచ్చింది. పందొమ్మిదేళ్ల పిల్ల. ఆ ఇంట్లో నాతో నవ్వుతూ మాట్లాడే మనిషి అదొక్కతే. దాని మంచం ఆ నడిమి గదిలో ఆ గోడ వారనే వేశారు. మావయ్యగారితో సహా ఆ ఇంట్లో పిల్లలందరూ పుట్టిన మూల అది.

శ్రావణం వెళ్లి భాద్రపదం వచ్చింది. వానలు వదలడం లేదు. ఒక మధ్యాహ్నం అది మంచం మీద పక్కకి తిరిగి, "ఈ గోడకి ఈపు ఆనిస్తే ఎంత సల్లగుంటాదో వదినా" అంది, హాయిగా.

నేను అరచెయ్యి పెట్టి చూశాను. సిమెంటు పొడిగానే ఉంది. కానీ సిమెంటు ఆగిపోయిన గీతకి పైన, నా ఛాతీ ఎత్తున, సున్నం మీద తెల్లగా దూదిలాగా నూగు పట్టింది. నిరుడు ఇదే నూగు చీలమండల ఎత్తున ఉండేది, నా చేత్తో చీపురు పెట్టి దులిపాను. అది ఇంత ఎత్తుకి ఎలా ఎక్కింది? మంచం కింద ఉన్న దాని ట్రంకుపెట్టె జరిపాను. గోడవైపు అడుగు తుప్పుపట్టి చేతికి ఎర్రగా అంటుకుంది.

మట్టిగోడ చెట్టులాగా విరిగి పడదు. తడిసి తడిసి, ఒకనాడు ఉన్నచోటే కూర్చుండిపోతుంది. చిన్నప్పుడు మా వీధిలో తుపాను తర్వాత ఒక గోడ అలా కూర్చోవడం చూశాను. మా గోడ మీద పైకప్పు దూలాలు ఉన్నాయి. దూలాల కింద, వారానికో పదిరోజులకో కనబోయే పిల్ల వీపు ఆనించి పడుకుని ఉంది.

మావయ్యగారు భోజనం చేసి లేవగానే చెప్పాను. "మావయ్యా, ఆ గోడ లోపల తడిసిపోయింది."

ఆయన వచ్చి సిమెంటు మీద ఫట్మని చరిచి, ఆ చెయ్యి నా మొహం ముందు పెట్టారు. "ఏదీ తడి? సూపించు."

"పైన లేదు, లోపల ఉంది."

"లోపలికెల్లి సూసొచ్చావేటి?"

వెనకనుంచి మా అత్తగారు అందుకుంది. "బియ్యెస్సీ సదివినోల్లకి గోడల్లోకి కూడా కనపడతాదేటో!"

"పొడుగు మేకు ఒకటి కొట్టి లాగుదాం అత్తా. మొనకి ఏం అంటుకుంటుందో చూస్తే తెలిసిపోతుంది."

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. చూలాలు ఉన్న ఇంట్లో గోడకి మేకు కొట్టకూడదు, గొయ్యి తవ్వకూడదు, పుట్టే బిడ్డ ఒంటికి లోపం వస్తుందని పట్టింపు. "నా కూతురు కడుపులో బిడ్డ మీద మేకు కొడతావంటే?" అంది. ఆ మాట విన్నాక మేకు మాట మళ్లీ ఎత్తడానికి నాకే నోరు రాలేదు.

చిల్లు పెట్టకుండా గోడ లోపలి తడి బయటపెట్టాలి. రెండు రోజులు అదే ఆలోచన. అటకమీద మిరపతోటకి కొట్టే మైలుతుత్తం పొట్లం ఉందని గుర్తొచ్చింది. నీలం రంగు పలుకులు. వాటిని పాత ఇనపగరిటెలో వేసి సన్నని సెగమీద వేడిచేస్తే, లోపలి నీరంతా పోయి తెల్లటి పొడి అవుతుంది. ఆ తెల్లపొడికి కాస్త చెమ్మ తగిలితే చాలు, మళ్లీ నీలం తిరుగుతుంది. కాలేజీలో ఎన్నిసార్లు చేశామో. రెండు గాజుగ్లాసుల్లో చెరో చిటికెడు పొడి వేసి, ఒకటి సిమెంటు గోడకి, ఒకటి వీధివైపు గోడకి మూతి ఆనించి, గాలి చొరబడకుండా అంచుల చుట్టూ మైదాపిండి జిగురు పట్టించాను. సిమెంటు వెనక తడి ఉంటే ఆ గ్లాసులో పొడి నీలమవుతుంది, రెండోది తెల్లగా ఉంటుంది. ఇదీ నా ఎత్తు.

మర్నాటికి రెండూ నీలమయ్యాయి.

తన పనికి వంక పెడుతున్నానని ఎవరో మాట మోసేశారు కాబోలు, సరిగ్గా ఆ వేళకే మేస్త్రి వచ్చాడు. తెల్లమీసాల మనిషి, పనిలో గట్టివాడు. రెండు గ్లాసులూ చూశాడు, జిగురు వేలితో నొక్కి చూశాడు. "కోడలమ్మా, ఈ జిగురులో నీల్లు పోసింది ఎవులు? మీరే కదా?" అన్నాడు.

మావయ్యగారు పొట్ట పట్టుకుని నవ్వారు. మా అత్తగారు వీధిలో పోయే ఆవిణ్ని పిలిచి మరీ చెప్పి నవ్వింది. వాళ్లు చెప్పే కథలో ఈ ముక్క ఉండదు, మర్చిపోయారు. నేను మర్చిపోలేదు. మేస్త్రి అన్నది అక్షరాలా నిజం. తడిజిగురు పెట్టి తడి వెతికాను. కాలేజీలో అయితే మా డిమాన్‌స్ట్రేటరు నన్ను బయట నిలబెట్టేవాడు.

నవ్వుకోనిచ్చి, ఆ సాయంత్రమే మళ్లీ పొడి చేశాను. ఈసారి కొవ్వొత్తి కరిగించి మైనంతో అతికించాను. కింద పీటలు ఎత్తు పెట్టి గ్లాసులు జారకుండా నిలబెట్టాను. మా ఆడపడుచు మంచం మీదనుంచి చూస్తూ, "ఏది గెలుస్తాదో సెప్పు వదినా" అని నవ్వుతోంది. నాకు నవ్వు రాలేదు. ఆ రాత్రంతా వాన.

మర్నాడు మధ్యాహ్నానికి వీధిగోడ గ్లాసులో పొడి కొంచెం వాడినట్టుంది, అంతే. సిమెంటు గోడ గ్లాసులోది చాకలి వేసే నీలిమందులాగా తిరిగింది.

మావయ్యగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేశాను. ఆయన ఈసారి నవ్వలేదు. ఒక గ్లాసు చూసి, రెండోది చూసి, మళ్లీ మొదటిది చూశారు. "వానాకాలం కాదేటి" అన్నారు.

"రెండు గ్లాసులకీ వానాకాలమే కదా మావయ్యా?"

జవాబు మా అత్తగారు చెప్పింది. "పురిటి గదిలో విసం ఎడతావా?" అని రెండు గ్లాసులూ పీకి, పొడి పెంటమీద పారబోసి, చేతులు మూడుసార్లు కడుక్కుంది. అది విషమే, ఆ భయంలో తప్పులేదు. "ఈ గదిలో నాను ఏడుగుర్ని కన్నాను. ఏ గోడా నన్నేటీ సెయ్యనేదు" అంది.

"అప్పుడు గోడకి సిమెంటు లేదు అత్తా."

"నోరు ముయ్యి."

నోరు మూసుకున్నాను గానీ బుర్ర ఊరుకోదు కదా. నాకు అర్థంకానిది ఒకటుంది. మావైపు సిమెంటు వేసి దారి మూసేశాం, సరే. అప్పుడు ఆ తడి అవతలివైపు నుంచి ఆరిపోవాలి. అసలు ఇన్ని నీళ్లు ఎక్కడివి? ఆరకుండా పైకెందుకు ఎక్కుతున్నాయి?

రెండు రోజులు పోయాక ఒక పొద్దున్న, గోడమీద తెల్లనూగు గోటితో గీరి నాలిక్కి రాసుకున్నాను. ఉప్పగా, చల్లగా ఉంది. వంటింట్లోకి వెళ్లి మిగిలింది కుంపట్లో నిప్పులమీద చల్లాను. చిటపటమని చిన్న చిన్న మెరుపులు లేచాయి. మామూలు ఉప్పు చిటపటలాడుతుంది గాని అలా వెలగదు. అది సూరేకారం, మతాబుల్లో కూరేది. పశువుల మూత్రం ఇంకిన మట్టిలో పుడుతుంది. అంటే మా గోడ తాగుతున్నది వాననీళ్లు కాదు, చిన్నమావ సాల నీళ్లు.

చూడకుండా చెప్తే ఎవరూ నమ్మరు. చూడాలంటే ఆ గడప తొక్కాలి. కొంగు బిగించి, వీధిలోకి దిగి, అరుగులమీద కూర్చున్నవాళ్లందరూ చూస్తుండగా పక్కింటి గుమ్మంలోకి నడిచాను. నాలుగు అడుగుల దూరం.

చిన్నత్త బియ్యం ఏరుతోంది. తలెత్తి చూసి, చాట కింద పెట్టింది.

"ఓలమ్మ! పెద్దింటి కోడలా! దారి తప్పీసావేటి?"

"చిన్నత్తా, మీ సాల ఒకసారి చూడాలి."

"పెల్లిసూపులా? మా ఆవుకి సంబంధం కుదిరిపోనాదమ్మా."

"నవ్వులాట కాదు. ఒక్క నిమిషం."

ఏమనుకుందో, లేచి దారి ఇచ్చింది. సాలలో చీకటికి కళ్లు అలవాటు పడ్డాక నేను మొదట చూసింది తొట్టి. రాతి కుడితి తొట్టి, సరిగ్గా ఉమ్మడి గోడకి ఆనించి ఉంది. ఒక మూల చీలిక. నేలమీద మూత్రం పోయే కాలవ పేడతో పూడిపోయి, గోడ మొదట్లో మడుగు కట్టింది. తలెత్తి గోడ చూశాను. నడుమెత్తు దాకా సిమెంటు. మాకంటే కొత్తది.

"మీరూ వేయించారా!"

"మీరు ఏసుకుంటే గొప్ప, మాము ఏసుకుంటే తప్పా? మీరు అటు మూసీసినారు, ఉప్పంతా మా మీదికి కక్కడం మొదలెట్టినాది. సూస్తూ కూకుంటామేటి? మాము ఇటు మూసీసినాం."

అన్నదమ్ములిద్దరూ ఒకళ్లనొకళ్లు అడక్కుండా, చెరోవైపూ సిమెంటు వేసుకున్నారు. మధ్యలో మట్టి, ఆ మట్టి కింద మడుగు. నీళ్లకి పైకెక్కడం తప్ప ఇంకో దారి లేదు. అటు చివర, మా ఆడపడుచు తలగడ ఉండే చోటికి ఎదురుగా, ఆ కొత్త సిమెంటు పొట్టలాగా ఉబ్బి ఉంది.

ఇంకొకటి కూడా చూశాను. ఆవులు ఆ గోడ దగ్గర లేవు. అవతలి మూలకి, కొత్తగా పాతిన గుంజలకి కట్టి ఉన్నాయి.

"ఆవుల్ని అటెందుకు మార్చారు చిన్నత్తా?"

ఆవిడ కొంగు సర్దుకుంది. "మీ చిన్నమావ కట్టీసినారు. నాకేటి తెలుసు?"

"పిల్ల మంచం ఈ గోడకి అవతలే ఉంది. మీరు చంకనేసుకుని పెంచిన పిల్ల."

చిన్నత్త మొహం మారింది. గొంతు బాగా తగ్గించి, "కులాసాగా ఉన్నాదా?" అంది. అంతలో పెరట్లోంచి చిన్నమావ దగ్గు వినిపించింది. వెంటనే గొంతు పెంచేసింది. "సూసీసావు కదా, ఇంకెల్లమ్మా ఎల్లు!"

నేను తిరిగి వచ్చేసరికి ఇల్లు మారిపోయింది. మా ఆడపడుచుకి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని వచ్చేసింది. నడిమి గది కిటికీ మూసేశారు, కుంపటి పెట్టారు, సాంబ్రాణి పొగ. మా అత్తగారు గుమ్మంలో నన్ను ఆపింది.

"ఆల్లింటికి ఎల్లావా? ఈయేలా?"

"అత్తా, దాన్ని ఈ గదిలోంచి తీసెయ్యాలి. గోడ అటువైపు ఉబ్బిపోయింది, నా కళ్లతో చూశాను."

"నొప్పులు మొదలైన మనిసిని కదుపుతారా ఎవులైనా? ఎక్కడెడతావు, వీధిలోనా?"

"వంటింట్లో."

వంటింట్లో పురుడు పోస్తే పదిరోజులు పొయ్యి మైలపడుతుంది. ఆవిడకి నేను పిచ్చిదాన్ని అయిపోయానని అప్పుడు నమ్మకం కుదిరింది.

అరుగుమీద కూర్చున్న మావయ్యగారి దగ్గరికి పరుగెత్తాను. తొట్టి, మడుగు, పొట్ట, ఆవులు, అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన అంతా విని, "ఆడు కూడా ఏసాడా సిమెంటు?" అన్నారు. అంతే. లేస్తారని నిలబడ్డాను. లేవలేదు. లోపలనుంచి మా ఆడపడుచు అరిచిన అరుపు వినిపించింది. ఆయన కళ్లు మూసుకున్నారు.

అరుగు పక్కనే గునపం ఆనించి ఉంది. పొడుగు గురించి వాదన వద్దు, మామూలు గునపం.

నేను గదిలోకి వెళ్లేసరికి మంత్రసాని మంచం పక్కన గొంతుక్కూర్చుని ఉంది. "వదినా, ఏటి సేస్తన్నావు?" అంది మా ఆడపడుచు, చెమటల్లో తడిసిపోయి. "కళ్లు మూసుకో" అన్నాను. మంచానికి దూరంగా, గోడ ఈ చివర, మోకాలి ఎత్తున ఒకే ఒక్క పోటు వేశాను. రెండోది వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, వెయ్యలేదు.

ఠంగుమనలేదు. బోలు కుండమీద కొట్టినట్టు డబ్బుమంది. పళ్లెమంత సిమెంటు బిళ్ల తనంతట తనే ఊడి నా కాళ్లమీద పడింది. దాని వెనక గోడ లేదు, నల్లటి బురదముద్ద ఉంది. ఘాటైన మూత్రం వాసన గది అంతా కొట్టింది. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది.

మా అత్తగారు నా వీపుమీద రెండు చరిచింది. గట్టిగానే చరిచింది. "నా బిడ్డని సంపీసావే!" అని ఏడ్చింది. మంత్రసాని మాత్రం లేచి నిలబడింది. "ఓలమ్మో, ఈ గోడ కింద నాను పురుడు పొయ్యను. మంచమెత్తండి" అంది.

అప్పుడు వచ్చారు మావయ్యగారు. మగవాళ్లు పురిటి గది గడప దాటరు. ఆయన దాటారు. వంగి, ఆ చిల్లులో చెయ్యి పెట్టి, పిడికెడు మట్టి తీసి పిసికారు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. ఆ చెయ్యి పంచెకి తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా, మంచం తలవైపు కోడు పట్టుకున్నారు.

"పట్టమ్మా" అన్నారు నాతో.

తలవైపు రెండో కోడు నేను, కాళ్లవైపు ఒకటి మంత్రసాని. నాలుగో కోడు దగ్గర ఎవరూ లేరు. మంచం ఒక పక్కకి ఒరిగిపోతోంది, పిల్ల అరుస్తోంది. ఆఖరికి మా అత్తగారు ముక్కు చీదుకుంటూ వచ్చి పట్టుకుంది. మంచం గుమ్మంలో పట్టలేదు. ఏటవాలుగా తిప్పి, పిల్ల పడకుండా కడుపుకి అడ్డం చెయ్యి పెట్టి, ఎలా వంటింట్లోకి చేర్చామో ఇప్పటికీ నాకు తెలీదు.

మధ్యాహ్నం తిరిగాక ఆడపిల్ల పుట్టింది. ఏడ్చింది. వేళ్లన్నీ సరిగ్గా ఉన్నాయని మా అత్తగారు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టింది, నా వైపు చూడకుండా.

పొద్దు వాలుతుండగా గోడ కూర్చుంది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బరువు మోసుకొచ్చిన మనిషి మూట దించినట్టు ఒక మూలుగు, తర్వాత పెంకులు జారిన గలగల. మేము పరుగెత్తుకెళ్లి చూస్తే మంచం ఉన్న చోట తొడెత్తు మట్టి. రెండు దూలాలు వేలాడుతున్నాయి. అంత గోడ కూలితే దుమ్ము లేవాలి కదా? చారెడు దుమ్ము లేవలేదు. పొడిగోడని నేను తవ్వి పడగొట్టానని చెప్పేవాళ్లు ఆ దుమ్ము ఏమైందో చెప్పాలి. ఇంకో సంగతి, నా చిల్లు ఉన్న ఈ చివర గోడ నిలబడే ఉంది. కూలింది ఆ చివర, అటు పొట్ట ఉబ్బిన దగ్గర, తలగడ ఉండే చోట. నా పోటు గోడని ఒక గంటో ఒక రోజో ముందు కూర్చోబెట్టిందేమో, అది మాత్రం నేను కాదనలేను. అలా అయితే గది ఖాళీగా ఉన్నప్పుడే కూర్చోబెట్టింది.

గోడ పోయిన సందులోంచి సాల కనిపిస్తోంది. చిన్నత్త కుడితి బిందె పట్టుకుని నిలబడి ఉంది. మట్టి కుప్పవైపు చూస్తూ, "గుంట? మన పిల్ల?" అంది.

"వంటింట్లో ఉంది. ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు."

ఆవిడ బిందె పక్కన పెట్టి, ఆ తడి నేలమీదే చతికిలబడింది. మా అత్తగారు ఇవతల నిలబడి చాలాసేపు ఆవిణ్నే చూసింది. అన్నదమ్ములు ఒక్కటైపోయారని మాత్రం అనుకోవద్దు. కార్తీకం వెళ్లాక ఎవరి గోడ వాళ్లు కట్టుకున్నారు, మధ్యలో జానెడు సందు వదిలి. ఇక ఒకర్నొకరు ఏమీ అడగవలసిన పని లేదు కదా. ఆ సందులో ఏటా వాననీళ్లు పడుతూనే ఉన్నాయి.

ఆ రోజు పుట్టిన పిల్ల ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. నిరుడు మా ఆడపడుచు మా ఇంటికి వచ్చి, పాత మాటల మధ్య ఒకటి చెప్పింది. గోడ కూలడానికి ముందు వరసగా మూడు మధ్యాహ్నాలు, ఇంట్లో అందరూ కునుకు తీసే వేళ, అటునుంచి ఎవరో గోడమీద తట్టేవారట. మెల్లిగా, మూడుసార్లు.

"సిన్నమ్మే అనుకున్నాను వదినా. మాటల్లేవు కదా, అందుకని పలకరిస్తన్నాది అనుకుని నానూ తిరిగి తట్టేదాన్ని. మల్లీ తట్టేది. నవ్వొచ్చేది నాకు."

నేను ఊరుకోగలనా? పండక్కి ఊరు వెళ్లినప్పుడు చిన్నత్తని అడిగాను. ముసలిదైపోయింది, చూపు తగ్గింది, నోరు తగ్గలేదు. "ఆవు కొమ్ము తగిలుంటాదే" అంది.

"ఆవుల్ని అప్పటికే అవతలి మూలకి మార్చేశారు చిన్నత్తా."

ఆవిడ మొహం అటు తిప్పేసుకుని, ఆకు నములుతూ కూర్చుంది. వాదనలో నన్ను అలా గెలిచినవాళ్లు తక్కువ. ఆ మూడు మధ్యాహ్నాలూ గోడకి అవతల నిలబడి, ఇవతలినుంచి జవాబు వినేదాకా ఆగిన ఆ చెయ్యి, పిల్లని "బాగున్నావా" అని అడిగిందా, "అక్కణ్నించి లేచిపో" అని చెప్పిందా?